ఏమైనా విశేషమా?

(తెలుగు సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ డాక్టర్లు. నేను కాను. కాకినాడలో ఇంజనీరింగు చదివి, 2004లో అమెరికా వచ్చి, ఇరవయ్యేళ్ళకు పైగా న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు ఆక్యుపంక్చర్, ఇతర సంపూర్ణ ఆరోగ్య పద్ధతులు అనే అంశం మీద నన్నెందుకు మాట్లాడమన్నారంటే, కిందటేడు వనభోజనాల్లో నోరుజారి మా కథ కొంత చెప్పాను. నిర్వాహకుల్లో ఒకాయన పక్కనే కూర్చుని పులిహోర తింటూ విన్నారు. ఇక వదల్లేదు.

మా ఆవిడ ముందు వరసలోనే ఉంది. ఈ ప్రసంగం ఆవిడ ముందే చదివి రెండు పేరాలు కొట్టేసింది, ఒక పేరా తనే చేర్చింది. ఆ చేర్చిన పేరా ఏదో వచ్చినప్పుడు చెబుతాను.

మాకు 2009లో పెళ్ళయింది. మొదటి రెండేళ్ళు వీసాలు, అపార్ట్‌మెంట్లు మారడాలతోనే సరిపోయింది. పిల్లల గురించి ఆలోచించడం మొదలుపెట్టింది 2011లో. అప్పటికి ఆవిడకు 28, నాకు 31. ఇంకో ఏడాది గడిచేసరికి ఇండియా నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఒకే ప్రశ్నతో ముగిసేది. "ఏమ్మా, ఏమైనా విశేషమా?" మన భాషలో ఎంత అందమైన మాట అది! కడుపుతో ఉన్నావా అని మొహమ్మీద అడగకుండా, అడిగినట్టూ అడగనట్టూ అడుగుతాం. కానీ నెలకు నాలుగుసార్లు "ఏమీ లేదండీ" అని చెప్పాల్సిన మనిషికి ఆ అందం కనిపించదు. గుడికి వెళితే విశేషమా, ఉగాది సభకు వెళితే విశేషమా. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొంటుంటే కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని మరీ అడిగినవారున్నారు. ఇక్కడ గమనించండి, ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. నన్ను అడిగేది ప్రాజెక్టు సంగతి, గ్రీన్‌కార్డు సంగతి.

పరీక్షలూ అలాగే జరిగాయి. ఆవిడకు థైరాయిడ్ పరీక్ష, హార్మోన్ల పరీక్ష, రెండుసార్లు స్కానింగు. తర్వాత గర్భనాళాల్లోకి రంగు ద్రవం పంపి ఎక్స్‌రే తీసే పరీక్ష. ఆ రోజు కారులో ఇంటికి వస్తూ ఆవిడ మాట్లాడలేదు. నొప్పి అని కూడా అనలేదు. అన్నీ దాదాపు సవ్యంగానే ఉన్నాయి. డాక్టరు మొదటి రోజునే నా చేతికీ ఒక కాగితం ఇచ్చింది, వీర్య పరీక్ష చేయించుకోమని. సూది లేదు, నొప్పి లేదు. ఆ కాగితం నా లాప్‌టాప్ సంచీలో పదకొండు నెలలు ఉంది.

ఎందుకని అడిగితే, రిలీజు ఉందన్నాను. రిలీజయ్యాక సపోర్టు ఉందన్నాను. ఇన్సూరెన్సు మారుతోందన్నాను. నిజానికి భయం. కాగితం మీద ఏదైనా అంకె వస్తుందేమోనని. చివరికి ఒక ఆదివారం ఆవిడ అంది: "ఏమండీ, మీ క్లయింటుకు తేదీ చెప్పి మాట నిలబెట్టుకుంటారు కదా, నాకూ ఒక తేదీ చెప్పండి." ఆ మంగళవారం వెళ్ళాను. మిల్లీలీటరుకు ఆరు మిలియన్ల కణాలు. అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస ప్రమాణం పదిహేను మిలియన్లు. 2021లో వచ్చిన కొత్త సంచికలో అది పదహారు. ప్రమాణం కన్నా తక్కువున్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు, మించి ఉంటే పుట్టి తీరుతారనీ కాదు. కానీ మా విషయంలో ముందు చూడాల్సిన అంకె అదే. ఆ పదకొండు నెలల్లో ఆవిడ ఎన్నిసార్లు రక్తం ఇచ్చిందో లెక్క నా దగ్గర లేదు, ఆవిడ దగ్గర ఉంది.

డాక్టర్లు ఇందాక చెప్పారు, సంతానం కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని. సరిగ్గా ఆ "కూడా" అన్న మాట మన ఇళ్ళల్లో వినపడదు.

ఇప్పుడు సూదుల సంగతికి వస్తాను, మీరు వచ్చింది దానికే కాబట్టి.

అమెరికాలో ఆక్యుపంక్చర్ పేరు ఇంటింటికీ తెలిసింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ ఆ జులైలో చైనా వెళ్ళి, అక్కడ అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కడుపు ఉబ్బరానికి బీజింగ్ ఆస్పత్రిలో సూదులు వేశారు. ఆ అనుభవాన్ని ఆయన పత్రిక మొదటి పేజీలో రాశారు. మరుసటి ఏడాది నిక్సన్ చైనా యాత్ర. ఇక్కడ దానికి గిరాకీ అలా మొదలైంది. 1996లో ఎఫ్‌డీఏ ఆ సూదుల్ని ప్రయోగదశ పరికరాల జాబితాలోంచి తీసి, మామూలు వైద్య పరికరాల కింద చేర్చింది. ఒక్కసారే వాడి పారేయాలి, క్రిములు లేనివై ఉండాలి అన్న నిబంధనలు పెట్టింది. మీరు ఎక్కడికి వెళ్ళినా ముందు చూడాల్సింది ఇదే: రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు గోడ మీద ఉందా, సూదులు మీ ఎదుటే కొత్త పొట్లం చింపి తీస్తున్నారా.

ఇక పిల్లల చికిత్సకూ దీనికీ ముడి పడింది 2002లో. జర్మనీలో పౌలస్ అనే వైద్యుడి బృందం ఐవీఎఫ్ చేయించుకుంటున్న 160 మంది స్త్రీలను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు పిండాన్ని గర్భాశయంలో పెట్టే ముందూ, వెంటనే తర్వాతా 25 నిమిషాల చొప్పున సూదులు. రెండో జట్టుకు లేవు. మొదటి జట్టులో 42.5 శాతం మందికి గర్భం వచ్చింది, రెండో జట్టులో 26.3 శాతం మందికి. ఇలాంటి అంకె చూస్తే మీరైనా నేనైనా ఏం చేస్తాం? మేమూ అదే చేశాం. 2014 చివర్లో మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో, డ్రైక్లీనింగ్ షాపుకీ పిజ్జా కొట్టుకీ మధ్యనున్న ఒక చిన్న గదిలో ప్రాక్టీసు చేసే చైనా పెద్దావిడ దగ్గరికి వెళ్ళాం. వారానికి ఒకసారి, 85 డాలర్లు. ఇన్సూరెన్సు రాదు.

ఇది మా ఆవిడ చేర్చిన పేరా. ఆవిడ మాటల్లోనే చదువుతాను. "ఆ గదిలో ఒక సన్నటి మంచం, గోడకు ఒక క్యాలెండరు, ఎర్రటి దీపం ఉండేవి. ఆవిడ నాడి చూసేది, నాలుక చాపమనేది, నిద్ర పడుతోందా, కాళ్ళు చల్లబడుతున్నాయా అని అడిగేది. సూదులు వెంట్రుకంత సన్నం. చీలమండ పైన, మోకాలి కింద, పొట్ట మీద, నుదుట ఒకటి. చీమ కుట్టినంత, అంతే. తర్వాత దీపం తగ్గించి వెళ్ళిపోయేది. నలభై నిమిషాలు ఎవ్వరూ పలకరించరు. ఫోను సంచీలో ఉండేది. నేను ప్రతిసారీ నిద్రపోయేదాన్ని. ఆ రెండేళ్ళలో నా ఒంటికి ఏదో ఒకటి చేసినవాళ్ళందరిలో, తర్వాత ఫోను చేసి రిజల్టు చెబుతామని అననిది ఆవిడ ఒక్కతే."

సరే. ఇప్పుడు ఇంజనీరుగా నా వంతు. 2002 అధ్యయనంలో ఒక లోపం ఉంది. సూదులు వేయించుకున్నవారికి వేయించుకున్నామని తెలుసు, వేయించుకోనివారికి లేదని తెలుసు. మనం కొత్త కోడ్ పెట్టినప్పుడు ఏ సర్వరులో కొత్తది ఉందో పరీక్షించేవాడికి ముందే చెప్పేస్తే ఆ పరీక్షను ఎవరు నమ్ముతారు? తర్వాతి వాళ్ళు దీన్ని సరిచేశారు. ఒంట్లో దిగకుండా తాకి ఊరుకునే ఉత్తుత్తి సూదులు తయారుచేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కరోలైన్ స్మిత్ బృందం 848 మంది ఐవీఎఫ్ స్త్రీల మీద అలా పరీక్షించి, 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫలితం ప్రకటించింది. అసలు సూదుల జట్టులో బిడ్డ పుట్టింది 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదుల జట్టులో 17.8 శాతం మందికి. తేడా లేదన్నమాట.

దానికి ముందు ఏడాది, 2017లో, అదే పత్రికలో చైనా నుంచే ఇంకొకటి వచ్చింది. మన అమ్మాయిల్లో ఎక్కువగా చూస్తున్న పీసీఓఎస్ ఉన్న వెయ్యిమంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. అండం విడుదల కావడానికి క్లోమిఫీన్ అనే పాత మాత్ర ఇచ్చినవారిలో 28.7 శాతం మందికి బిడ్డ పుట్టింది, మాత్ర పేరుతో ఉత్తి గోళీ ఇచ్చినవారిలో 15.4 శాతం మందికి. సూదుల విషయానికి వస్తే, అసలువైతే 21.8, ఉత్తుత్తివైతే 22.4. సూదులు పుట్టిన దేశంలోనే, వాళ్ళ వైద్యులే చేసి, దాచుకోకుండా ప్రకటించారు. దానికి వాళ్ళను మెచ్చుకోవాలి.

మా సొంత అనుభవం ఇంకా విచిత్రం. 2015 వేసవిలో మొదటి పిండాన్ని పెట్టినప్పుడు పుస్తకంలో చెప్పినట్టు ముందొకసారి, తర్వాతొకసారి సూదులు వేయించాం. పెద్దావిడ తన గది వదిలి క్లినిక్ పార్కింగుకు దగ్గరలోని హోటల్ గదికి వచ్చి మరీ వేసింది. నిలవలేదు. రెండో పిండాన్ని 2016 జనవరి చివర్లో పెట్టారు. ఆ వారం మీకు గుర్తుండే ఉంటుంది, పెద్ద మంచు తుఫాను. పెద్దావిడ కారు మంచులో కూరుకుపోయింది, రాలేనని ఫోను చేసి నాలుగుసార్లు సారీ చెప్పింది. నేను తెల్లవారుజామున పారతో మా కారు తవ్వి తీశాను. సూదుల్లేవు. ఆ అక్టోబరులో మా అమ్మాయి పుట్టింది.

దీన్నిబట్టి సూదులు వద్దు, మంచు తవ్వండి అని చెప్పనా? ఒక్క సంఘటనతో ఏదీ రుజువు కాదు, ఇటూ కాదు అటూ కాదు. ఎవరైనా "నేను సూదులు వేయించుకున్నాను, మూడో నెలలో విశేషం" అంటే సంతోషించండి, కానీ అదీ ఇలాంటి ఒక్క సంఘటనే. బిడ్డ కోసం 85 డాలర్లు పెడితే నాకు తెలిసినంతలో అది వృథా. ఆ నలభై నిమిషాల నిద్ర కోసం పెడితే, మా ఆవిడ లెక్కలో చవక. రెండూ వేరువేరు కొనుగోళ్ళు, రశీదు ఒకటే కనుక కలిసిపోతాయి.

ఆ నిద్ర సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. "టెన్షన్ పడకమ్మా, టెన్షన్ వల్లే నిలవడం లేదు" అని మనవాళ్ళు ఓదార్పుగా అంటారు. అది ఓదార్పు కాదు, తప్పును ఆమె మీదకు నెట్టడం. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగు అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూశారు. చికిత్సకు ముందు ఎంత ఆందోళనతో ఉన్నారన్నదానికీ, ఆ విడతలో గర్భం రావడానికీ సంబంధం కనిపించలేదు. ఏడిచినవాళ్ళకూ వచ్చింది, నవ్వినవాళ్ళకూ రాలేదు. ఆందోళన తగ్గించుకోవడం మన సుఖం కోసం. దానికి ఆక్యుపంక్చరో, యోగానో, సాయంత్రం నడకో, ఏది కుదిరితే అది చేయండి.

మరి సంపూర్ణ ఆరోగ్య పద్ధతుల్లో నిజంగా పనికొచ్చేవి లేవా? ఉన్నాయి. కాకపోతే అవి చాలా చప్పగా ఉంటాయి, ఎర్రదీపాలుండవు.

ముందు మగవాళ్ళతో మొదలుపెడతాను, ఎవరూ మొదలుపెట్టరు కనుక. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, బయటికి ప్రయాణానికి ఇంకో వారం రెండు వారాలు. అంటే ఈ రోజు పరీక్షలో కనిపించేది మూడు నెలల కిందటి మీ జీవితం. ఆరు మిలియన్లు అని తెలిశాక మా యూరాలజిస్టు నన్ను ఏం చేస్తుంటావని అడిగారు. ఆఫీసు వెనక రోజుకు మూడు సిగరెట్లు. అపార్ట్‌మెంటులో వేడినీళ్ళ టబ్బు, వారానికి మూడు రాత్రులు. రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా హైదరాబాదు టీముతో కాల్స్, సోఫాలో, లాప్‌టాప్ ఒళ్ళో. ఆయన నవ్వి, న్యూయార్క్ రాష్ట్రంలోనే స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో ప్రకటించిన అధ్యయనం గురించి చెప్పారు. గంటసేపు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే అక్కడి వేడి రెండున్నర డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరుగుతుంది. ఆ అవయవాలు ఒంటి బయట ఉన్నదే వేడికి దూరంగా ఉండడానికి. లాప్‌టాప్ వల్ల పిల్లలు పుట్టరని ఆ అధ్యయనం అనలేదు, వేడి పెరుగుతుందని మాత్రమే కొలిచింది. కానీ బల్ల కొనుక్కోవడానికి నాకు అంత రుజువు చాలు.

సిగరెట్లు మానేశాను. టబ్బు మానేశాను. మూడున్నర నెలల తర్వాత పదకొండు మిలియన్లు. ఇక్కడా నిజాయితీగా చెప్పాలి, ఒకే మనిషికి ఈ వారానికీ వచ్చే వారానికీ అంకె బాగా మారుతుంది, అందుకే రెండుసార్లు చేయిస్తారు. మానేయడం వల్లే పెరిగిందని ప్రమాణం చేయలేను. మానేసినందుకు చింతా లేదు.

ఇంకొకటి చెబితే మీలో కొందరు నవ్వుతారు, కొందరు నవ్వరు. నెలలో గర్భం వచ్చే అవకాశమున్న రోజులు ఆరే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి అయిదు. మన కన్సల్టెంట్లు చాలామంది సోమవారం తెల్లవారి విమానమెక్కి గురువారం రాత్రి దిగుతారు. ఆ ఆరు రోజులు సోమవారం మొదలైతే ఏ ఆయుర్వేదమూ ఏ ఆక్యుపంక్చరూ ఏం చేస్తుంది? మా స్నేహితుడొకడు ఏడాదిన్నర అలా తిరిగి, సంతానలేమి అని స్పెషలిస్టు దగ్గరికి వెళితే, ఆయన మొదట అడిగింది క్యాలెండరు. మేనేజరును అడిగి మూడు నెలలు ఇంటి నుంచి పనిచేశాడు. వాడికిప్పుడు ఇద్దరు.

ఆడవాళ్ళ విషయంలో నేను చెప్పేది తక్కువ, వినాల్సింది డాక్టర్ల దగ్గర. థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర, రక్తహీనత, శాకాహారులైతే బీ12, తట్టమ్మ టీకా రక్షణ ఉందో లేదో. ఇవన్నీ గర్భానికి ముందే చూసుకోవలసినవి. ఆ టీకా వేయించుకోవాల్సి వస్తే తర్వాత ఒక నెల ఆగాలి. మధుమేహం మనవాళ్ళకు తక్కువ బరువుకే వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియావాసులకు బీఎమ్ఐ 23 దాటితేనే పరీక్ష చేయించమంటోంది, మిగతావారికి అది 25. పీసీఓఎస్‌తో బరువు ఎక్కువున్నవారు అయిదు నుంచి పది శాతం తగ్గితే చాలామందికి నెలసరి దారికొస్తుంది. మూడుపూటలా అన్నం తినే ఇంట్లో ఆ అయిదు శాతం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ ఒక్కతే రొట్టె తిని, పక్కన భర్త ఆవకాయ కలుపుకుంటుంటే ఇంకా కష్టం.

ఒక్క మాత్ర గురించి మాత్రం వివరంగా చెబుతాను. అది మనది.

ఫోలిక్ యాసిడ్. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రావడానికి కనీసం ఒక నెల ముందు నుంచి. ఎందుకు ముందు నుంచంటే, బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు విశేషం అని తెలియను కూడా తెలియదు. 1991లో పూర్తయిన పెద్ద పరీక్షలో, అంతకు ముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ఎక్కువ మోతాదులో ఇస్తే, అది మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. అందుకే అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్డ్ అని రాసి ఉన్న పిండిలోనూ బియ్యంలోనూ దీన్ని కలిపి తీరాలి. మనం ఇండియన్ స్టోరులో కొనే సోనామసూరి బస్తా మీద ఆ మాట సాధారణంగా కనపడదు. ఒకవేళ ఉన్న బియ్యం తెచ్చుకున్నా, మన అలవాటు ప్రకారం మూడుసార్లు కడిగితే పైపూత నీళ్ళతో పోతుంది. కనుక మాత్రే దిక్కు. నెలకు కొద్ది డాలర్ల ఖర్చు.

మనది అన్నానే, ఎందుకంటే దీని కథ 1931లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు చేసిన పరిశోధనతో మొదలై, 1945లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గరికి వచ్చింది. ఆయన నాయకత్వంలో లెడర్లీ సంస్థ శాస్త్రవేత్తలు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఉష్ణదేశాల్లో వచ్చే ఆ జబ్బుకు ఈ మందే తర్వాత చికిత్స అయింది. లెడర్లీ ప్రయోగశాల ఉన్న పెర్ల్ రివర్ ఊరు న్యూజెర్సీ సరిహద్దు దాటగానే వస్తుంది. మాది పాలకొల్లు, భీమవరానికి కూతవేటు. మా అమ్మాయి కడుపులో ఉండగా ఒక ఆదివారం మేమిద్దరం ఆ ఊరికి కారులో వెళ్ళాం. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, చెట్లూ భవనాలూ. అక్కడ ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చేశాం.

ఇండియా నుంచి వచ్చే పొట్లాల గురించి చెప్పకపోతే నేరం. మా అమ్మ ఒక వైద్యుడి దగ్గర చూర్ణం తీసుకుని, తెలిసినవాళ్ళ పెట్టెలో పంపింది. "ఒరే నాన్నా, మూడు నెలలు పాలతో వేసుకోమను, పక్కింటి కోడలికి నిలిచింది." మా ఆవిడ అత్తగారి మాట కాదనలేక నెలరోజులు వేసుకుంది. డాక్టరుకు చెబితే ఆమె ముందు మానేయమంది, తర్వాత రక్తంలో సీసం పరీక్ష రాసింది. అదృష్టవశాత్తూ ఏమీ లేదు. ఆమె అంత కంగారుపడ్డ కారణం తర్వాత తెలిసింది. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకరంగా ఉన్నట్టు కనిపెట్టింది. ఆరుగురూ భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడినవారే. అంతకుముందు 2004లో బోస్టన్ ప్రాంతపు దక్షిణాసియా దుకాణాల్లో అమ్మే 70 మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉంది. ఆయుర్వేదాన్ని నేను తూలనాడడం లేదు, మా తాతగారు దానితోనే తొంభై ఏళ్ళు బతికారు. మూట మీద ఏం రాసి లేదో దాన్ని కడుపుతో ఉండబోయే మనిషికి పెట్టొద్దంటున్నాను. అమ్మకు నేనే ఫోను చేసి చెప్పాల్సింది. నేను చెప్పలేదు, మా ఆవిడే వేసుకుంది. ఇది ఆవిడ కొట్టేసిన పేరాల్లో ఒకటి, నేను మళ్ళీ పెట్టాను.

ఆక్యుపంక్చర్ వల్ల నాకు కనిపించిన అసలు ప్రమాదం సూదులది కాదు, క్యాలెండరుది. "డాక్టరు దగ్గరికి అప్పుడే ఎందుకు, ఆరు నెలలు ఇది చూద్దాం, ఆ తర్వాత ఆరు నెలలు కేరళ వెళ్ళి పంచకర్మ చూద్దాం" అని 37 ఏళ్ళ అమ్మాయి అనుకుంటే, ఆ ఏడాది తిరిగి రాదు. లెక్క సులువు. స్త్రీకి 35 లోపైతే ఏడాది ప్రయత్నించి, 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే వెంటనే పరీక్షలకు వెళ్ళాలి. నెలసరి సరిగా రానివాళ్ళు ఏ వయసులోనైనా ఆగనక్కరలేదు. సూదులు వేయించుకుంటూ వెళ్ళండి, ఎవరూ కాదనరు. మంచి ఆక్యుపంక్చరిస్టులు కూడా అదే చెబుతారు. మా పెద్దావిడ మొదటి రోజే అడిగింది: "భర్త పరీక్ష అయిందా?" అప్పటికి అయింది కాబట్టి తల ఎత్తి చూడగలిగాను.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఒక విడత ఐవీఎఫ్‌కు మందులతో కలిపి ఇరవై వేల డాలర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి అవుతుంది. న్యూజెర్సీలో 2001 నుంచి పెద్ద గ్రూపు ఇన్సూరెన్సులు దీన్ని భరించాలన్న చట్టం ఉంది. కానీ సొంతంగా నిధి పెట్టుకుని నడిపే కంపెనీ పథకాలకు ఆ చట్టం వర్తించదు, పెద్ద కంపెనీలు చాలావరకు అలాంటివే. కనుక కొత్త ఉద్యోగం ఆఫర్ వస్తే జీతంతోపాటు ఆ పుస్తకంలో సంతానలేమి అన్న పేజీ కూడా అడిగి చదవండి. మేము చదవలేదు. చికిత్స మధ్యలో నేను ఉద్యోగం మారి తొమ్మిది వేలు కట్టుకున్నాను.

మా రెండో ప్రయత్నం ఫలించలేదు. మూడోది చేయించుకోలేదు. మాకు ఒక్కతే అమ్మాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు అదే కొత్తిమీర కట్టతో "రెండోది ఎప్పుడు, ఏమైనా విశేషమా?" అని అడుగుతున్నారు. ఈ మధ్య ఆ ప్రశ్న వచ్చినప్పుడు, మా ఆవిడకంటే ముందు నేనే జవాబు చెబుతున్నాను. "విశేషాలేమీ లేవండీ, నా కౌంటు తక్కువ" అంటాను. అవతలివాళ్ళు కూరగాయల వైపు తిరిగిపోతారు.

సమయం అయిపోయిందని వెనక నుంచి చీటీ చూపిస్తున్నారు. భోజనాల దగ్గర ఎడమవైపు ఆఖరి బల్ల దగ్గర ఉంటాను. న్యూజెర్సీలో వీర్య పరీక్ష చేసే ల్యాబుల జాబితా, ఇన్సూరెన్సు వాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద అచ్చు వేయించి నలభై కాపీలు తెచ్చాను. అడగడానికి మొహమాటమైతే బల్ల మీద బోర్లించి పెడతాను, దాటిపోతూ ఒకటి తీసి జేబులో పెట్టుకోండి. లాప్‌టాప్ సంచీలో మాత్రం పెట్టకండి.